సైటేషన్ల సారూ, మా పెద్దమ్మ మతిమరుపూ

తాండూరులో నేను జంతుశాస్త్రం బోధించే జూనియర్ కళాశాలలో మొన్న నాడీవ్యవస్థ పాఠం ముగిసింది. ఒక విద్యార్థిని నా బల్ల దగ్గరకు వచ్చి ఫోను చూపించింది. తెర మీద ఒక మెదడు శాస్త్రవేత్త ఫోటో ఉంది. పక్కన ఆయన ప్రచురించిన పరిశోధన పత్రాల పట్టిక, దాని కింద ఏటికేడు ఎత్తు పెరుగుతున్న నీలిరంగు స్తంభాలు ఉన్నాయి.

"మేడం, గీ సారు మన వికారాబాద్ పల్లెల్ల గూడ రీసెర్చ్ చేసిండంట. ఎన్ని సైటేషన్లున్నయో చూడుండ్రి! మస్తు పెద్ద సైంటిస్టు గదా?"

"అంకె పెద్దదే" అన్నాను.

ఆ పిల్ల సంతోషంగా వెళ్ళిపోయింది. ఆమె గౌరవాన్ని తుంచే హక్కు నాకు లేదు. ఆ వయసులో నేనూ అంకెలను అలాగే చూశాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవారు నాకు ముందు ఎవరూ లేరు. అమ్మానాన్నలు కోట్‌పల్లి చుట్టుపక్కల పొలాల్లో కూలికి వెళ్ళేవారు. పెద్ద చదువు చదివినవారు అబద్ధం ఆడరని మా ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని నా మనసులోంచి పూర్తిగా తుడిచిపెట్టిన వ్యక్తి ఆ ఫోటోలోని పెద్దమనిషే. అందుకు నేను ఆయనకు రుణపడి ఉండాలేమో. కానీ నాకు కలిగేది ఏవగింపు.

సైటేషన్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఒకరు రాసిన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ఆధారంగా పేర్కొనడం. ఎంత ఎక్కువమంది పేర్కొంటే అంత గొప్ప అని లెక్క. మా వైపు పెళ్ళిళ్ళలో పందిరి పక్కన ఒక మనిషి కూర్చుని ఎవరెవరు ఏమి కట్నం చదివించారో రాసుకుంటాడు. రేపు వారి ఇంట్లో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి. ఆ పద్ధతిలో ఆప్యాయత ఉంది, మొహమాటం ఉంది, పగ కూడా ఉంది. దాన్ని విజ్ఞానమని మాత్రం మా ఊళ్ళో ఎవరూ అనలేదు. ఆ పేరు పెట్టిన ఘనత ఆ ఫోటోలోని సారుకూ ఆయన మిత్రులకూ చెందుతుంది. వారు ఈయన పత్రాలను పేర్కొనేవారు, ఈయన వారి పత్రాలను పేర్కొనేవారు. ఎవరూ ఎవరినీ చదివేవారు కాదు.

ఎమ్మెస్సీ పూర్తయ్యాక ఆయన ప్రాజెక్టులో సహాయకురాలిగా చేరాను. ఆయన సంస్థ హైదరాబాదులో ఉంది. వికారాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని మమ్మల్ని కూర్చోబెట్టారు. పల్లెల్లో నడివయసు దాటినవారి జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుందో కొలవడం మా పని. ఆయన నెలకోసారి కారులో వచ్చి అనంతగిరి గుట్ట మీద అతిథిగృహంలో దిగేవారు. మేము వివరాలు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఉదయం టీ తాగకముందే ఆయన ఫోనులో తన సైటేషన్లు చూసుకునేవారు. అంకె పెరిగిన రోజు మా టీలోకి బిస్కట్లు వచ్చేవి. ఏదో సూచిక ఒక మెట్టు ఎక్కిందని ఒకసారి కేకు తెప్పించి, దాని మీద ఆ సంఖ్యను క్రీముతో రాయించి, తానే కోశారు. ముక్క నా చేతిలో పెడుతూ, "సైన్స్ అంటే ఓపికమ్మా" అన్నారు. క్రీము తీయగానే ఉంది.

తాండూరు పప్పు మిల్లుల్లో ఒక కంది గింజ రెండు బద్దలవుతుంది. మూడో బద్ద తీసే యంత్రం ఇంకా రాలేదు. సారు తీయగలరు. ఒకే పల్లె నుంచి తెచ్చిన ఒకే సమాచారాన్ని ఆడవారిది ఒక పత్రం, మగవారిది ఒక పత్రం, చదువుకున్నవారిది ఒకటి, చదువురానివారిది మరొకటి, చివరకు అందరినీ కలిపి ఇంకొకటి అని ప్రచురించేవారు. ప్రతి పత్రమూ మిగిలినవాటిని పేర్కొనేది. ఆయన ఒక్కరే కూర్చుని తన పెళ్ళికి తానే కట్నాలు చదివించుకున్నట్టు ఉండేది.

ఆ పరీక్షలో ముఖ్యమైన భాగం ఒక కథ. మేము చదివి వినిపిస్తాం. కాసేపు వేరే ప్రశ్నలు అడిగాక, ఆ కథను తిరిగి చెప్పమంటాం. కథ ఇది: ఒక రైతు కందుల సంచులు ఎడ్లబండి మీద వేసుకుని మార్కెట్టుకు బయలుదేరాడు. వాగు దాటుతుండగా ఒక ఎద్దు జారిపడి చచ్చిపోయింది. రైతు ఒడ్డున కూర్చుని ఏడ్చాడు. అటుగా వచ్చిన ఇద్దరు మనుషులు ట్రాక్టరు తెచ్చి సంచులను గట్టెక్కించారు. రైతు చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. ఇందులో ఎద్దు పడటానికీ చావడానికీ రైతు ఏడ్వడానికీ ఎక్కువ మార్కులు. కథకు అదే గుండెకాయ అని హైదరాబాదులో కూర్చున్నవారు నిర్ణయించారు. ఆ మాటలు చెప్పనివారికి సున్నా. మేము మధ్యలో అందించకూడదు, గుర్తుచేయకూడదు.

మా ఊరు కోట్‌పల్లి దగ్గరే. మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, ఊరి ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. భర్త పోయిన తర్వాత ఆమెకు పని, పలుకుబడి, పలకరింపు అన్నీ ఆ కట్టెల పొయ్యి దగ్గరే. నేను చేస్తున్న ప్రాజెక్టు కాబట్టి అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. బంధువులను నేను పరీక్షించకూడదన్నది నియమం. అందువల్ల నగరం నుంచి వచ్చిన మా సహోద్యోగి ఆమెను పరీక్షించాడు.

పత్రం అచ్చయ్యాక సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఫలితాలను ప్రజలతో పంచుకున్నట్టు ఫోటోలు ఉంటే తర్వాతి నిధుల దరఖాస్తుకు బలం. అందుకని మా ఊరి బడి వరండాలో శిబిరం పెట్టించారు. మైకు, కుర్చీలు, బ్యానరు హైదరాబాదు నుంచే వచ్చాయి. కళ్ళద్దాలు ఉచితమని చాటించడంతో ఊరంతా వచ్చింది. అంతకుముందు ఆయన ఆ ఊళ్ళో ఒక్క గడపా తొక్కలేదు. ఆ రోజు మైకు ముందు నిలబడి, ఇన్ని మార్కులకు తగ్గితే మతిమరుపే అని పత్రంలో గీసిన జ్ఞాపకశక్తి గీతకు దిగువన ఉన్నవారి పేర్లు చదివారు. ఒక మనిషి రోగం గురించి ఆ మనిషి చెవిలో చెప్పాలన్న ఇంగితం ఆర్‌ఎంపీ డాక్టరుకు కూడా ఉంటుంది. ఆ పేర్లలో మా పెద్దమ్మది ఉంది.

"వీరు భయపడనవసరం లేదు. కానీ నిప్పు దగ్గర పనులు చేయకపోవడం మంచిది" అని సలహా కూడా ఇచ్చారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి.

మరుసటి వారం హెడ్మాస్టరు పెద్దమ్మను పిలిచి, ఇక వంటకు రావద్దన్నాడు. ఆయనను నేను తప్పుపట్టను. మతి తప్పిన మనిషి కాగుతున్న పప్పు దగ్గర నిలబడుతుందని అంత పెద్ద శాస్త్రవేత్త మైకులో చెప్తే, పిల్లల తల్లులు ఊరుకుంటారా? వేరే ఆమెను పెట్టారు.

నేను ఇంటికి వెళ్ళేసరికి పెద్దమ్మ గడప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"వచ్చినవా బిడ్డా? నేనెవరో చెప్పు మరి. పొద్దున సంది అందరు నన్ను గదే అడుగుతుండ్రు, జర నేను గూడ అడుగుదమని."

"పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు. నేను మాట్లాడుత."

"ఎవలతోని మాట్లాడుతవ్? నీ సారుతోనా? మంచిగ మాట్లాడు. నువ్వు సదువుకుంటే ఊరంత మురిసినం. నీ సదువు వచ్చి నా చేతుల గంటె గుంజుకున్నది."

అప్పుడే పక్కింటి గొర్లకాపరి గొర్రెలను తోలుకుని వస్తూ వేళాకోళమాడాడు.

"ఏమక్కా, నా పేరు యాదికున్నదా?"

"నీ పేరే కాదురా, నీ పెండ్లినాడు పందిట్ల నువ్వు ఏడ్సింది గూడ యాదికున్నది. చెప్పాల్నా నీ కోడలి ముంగట?"

అతడు గొర్రెలను గబగబా అదిలించుకుని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ నవ్వలేదు. నవ్వించి తాను నవ్వకపోవడం ఆమె అలవాటు కాదు.

వికారాబాద్ వచ్చి రికార్డింగులు తెరిచాను. పెద్దమ్మ గొంతు విన్నాను. "గా రైతు కందులు బండ్లేసుకొని మార్కెట్టుకు పోయిండు. వాగు కాడికి పోయినంక... ఇగ గట్లయింది. పాపం. ఏం చేస్తడు. ఇద్దరు మనుషులొచ్చి ట్రాక్టర్ల సంచులెక్కిచ్చిండ్రు. పొద్దుగూకినంక ఇల్లు జేరిండు." అంతే. మా సహోద్యోగి ఎద్దుకు సున్నా, చావుకు సున్నా, ఏడుపుకు సున్నా వేశాడు.

మిగతావారివి కూడా విన్నాను. వాగు దగ్గరకు వచ్చేసరికి ఒకరి తర్వాత ఒకరు అదే పని చేశారు. "గట్లయింది" అన్నారు, "ఏదో ఆయె తియ్యి" అన్నారు, కొందరు నాలుక చప్పరించి ముందుకు సాగారు. పశువు ఉన్న ఇంట్లో పశువు చావు మాట నోటితో పలకరు. గొర్రెల మందలున్న ఇళ్ళలో మరీ పలకరు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మా పెద్దమ్మ, శకునాలు నమ్మవద్దని పాస్టరు ఎన్నిసార్లు చెప్పినా, ఈ ఒక్కటి మాత్రం పాటిస్తుంది. విన్న చెడును తిరిగి పలికితే దాన్ని ఇంటికి పిలిచినట్టే అని ఆమె లెక్క. పైగా మా సహోద్యోగి ఆమెను పరీక్షించింది కొట్టం వాకిట్లో, పాలిచ్చే బర్రె పక్కన. వారికి కథ గుర్తుంది. గుర్తుంది కాబట్టే ఆ చోట ఆగారు. మరచిపోయినవారు అంత కచ్చితంగా ఒకే చోట ఆగరు.

అనంతగిరి అతిథిగృహానికి వెళ్ళి సారుతో చెప్పాను. రికార్డింగులు వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. మా ఊరి మనుషులు ఆయనకు గుర్తుకు వచ్చారేమోనని ఒక క్షణం అమాయకంగా అనుకున్నాను.

"ఇది ఇంతకుముందు ఎవరైనా రాశారా?" అన్నారు.

"తెలియదు సర్. కానీ మనం వేసిన గీత తప్పు. మా పెద్దమ్మ పని పోయింది."

"అయ్యో. అది బాధాకరం." ఒక్క నిమిషం బాధపడే ముఖం పెట్టారు. "కానీ చూడమ్మా, ఆ పత్రం వచ్చేసింది. జనం సైట్ చేస్తున్నారు. ఇప్పుడు సవరణ వేస్తే వాళ్ళందరినీ ఇబ్బంది పెట్టినట్టు కదా?"

"వారి ఇబ్బంది సరే సర్..."

"విను. దీన్ని రెండో పత్రం చేద్దాం. చాలా కొత్త పాయింటు. మొదటిదాన్ని ఇందులో సైట్ చేస్తాం. ఇక నుంచి ఈ అంశం మీద రాసేవాడు ఎవడైనా రెండూ సైట్ చేయాల్సిందే. నీ పేరు మూడోది పెడతాను. నీ కెరీర్‌కి ఎంత మంచిదో ఆలోచించు."

తప్పు చేసి దానికి ఒక పత్రం, తప్పు తెలిసి దానికి మరో పత్రం. మా ఊళ్ళో దొంగ కూడా ఒకే దొంగతనానికి రెండుసార్లు సన్మానం అడగడు.

"పేరు తర్వాత మాట సర్. మీరు ఒక్కసారి మా హెడ్మాస్టరు గారికి ఫోను చేసి, ఆమెకు ఏ లోపమూ తేలలేదని చెప్పండి. చాలు."

"నేనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మైకులో చెప్పింది నేనే కదమ్మా. మళ్ళీ నేనే కాదంటే సంస్థ పరువేం కాను? ఒక మెయిలు రాసి పంపు, చూస్తాను."

మెయిలు రాశాను. తప్పులు లేకుండా, మర్యాద తగ్గకుండా, మూడు సార్లు దిద్ది రాశాను. చూస్తానన్నవారు చూడలేదు. రెండో పత్రం మాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది. గ్రామీణుల అమంగళ భయం గురించి అందులో గంభీరమైన పేరాలు ఉన్నాయి. మొదటి పత్రాన్ని 'ఈ రంగానికి బాట వేసిన అధ్యయనం' అని ఆయనే పొగిడారు. గీత తప్పని ఎక్కడా లేదు. గీతను 'మరింత లోతుగా అర్థం చేసుకోవాలి' అని ఉంది. అచ్చుకు వెళ్ళేముందే నా పేరు తీసేయమని రాశాను. "నష్టం నీకే" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. నా మెయిళ్ళలో ఆయన పూర్తిగా చదివింది బహుశా అదొక్కటే. గడువు ముగిశాక నా ఉద్యోగాన్ని పొడిగించలేదు. మొదటి పత్రాన్ని నేటికీ ఎవరో ఒకరు సైట్ చేస్తూనే ఉన్నారు. అలా చేసినప్పుడల్లా మా పెద్దమ్మకు మరోసారి మతి పోతుంది, ఆయన స్తంభం మరికాస్త ఎత్తు పెరుగుతుంది.

కానీ నాకు కావలసింది ఆయన స్తంభాలు కూలడం కాదు. పెద్దమ్మ పొయ్యి వెలగడం. రెండో పత్రం ప్రింటు తీసుకుని, పెద్దమ్మను తీసుకుని, మధ్యాహ్నం బడికి వెళ్ళాను. వరండాలో పిల్లలు వరుసలుగా కూర్చుని అన్నం తింటున్నారు. నవాబుపేట వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన హెడ్మాస్టరు మాకు కుర్చీలు వేయించాడు. కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"గిండ్ల ఈమె పేరేడున్నదమ్మా?"

"పేర్లు రాయరు సార్."

"మరి మైకుల చదివిండ్రు గదా?"

ఆయన అడిగింది న్యాయమే.

"గీ కాయితం చూపెడితే తల్లులు ఒప్పుకోరు. ఊరి ఆడిపిల్లవు, చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. నేనెట్ల నమ్మాలె?"

"నేను ఆ కథే ఇప్పుడు చదువుతాను సార్. ఆమె తిరిగి చెప్తుంది. మీరే వినండి."

"మల్లా గదే కథనా?" పెద్దమ్మ విసుక్కుంది. "గా రైతుకు ఇంకో బండి దొరకలేదా?"

చదివాను. కాసేపు వాన గురించి, బడి పిల్లల గురించి మాట్లాడాం. తర్వాత పెద్దమ్మ మొదలుపెట్టింది. రైతు, కందులు, బండి, మార్కెట్టు. వాగు దగ్గర ఆగింది. "ఇగ గట్లయింది" అని దాటబోయింది.

"పెద్దమ్మా, ఇవాళ్టికి ఉన్నదున్నట్టు చెప్పు. ఎద్దుకేమైంది?"

ఆమె నా వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. నోరు తెరిచింది. "ఎద్దు జారిపడి స..."

"ఆగమ్మా, ఆగు!" హెడ్మాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "పిల్లలు అన్నం తినే కాడ గా మాటెందుకు?"

పెద్దమ్మ నోరు మూసింది. ఆయన తన చెయ్యి వైపు తానే చూసుకున్నాడు. అది ఇంకా గాలిలోనే ఉంది.

"సార్, మీరు ఇప్పుడు ఆపిన మాటకే ఆమెకు సున్నా వేశారు" అన్నాను.

"గింతేనా?"

"గింతే సార్."

"అరె! గట్లయితే నాకు గూడ సున్నానే గదా."

"మీ సున్నా మీ కడుపుల ఉన్నది సారూ" అంది పెద్దమ్మ. "నాది మైకుల చెప్పిండ్రు."

ఆయన తల వంచుకున్నాడు. సోమవారం నుంచి వంటకు రమ్మన్నాడు. తల్లుల సమావేశంలో తానే నోటితో చెప్తానన్నాడు. పెద్దమ్మ లేవలేదు.

"నోటితోని వద్దు. గది మైకుల చెప్పిండ్రు, గిది గూడ మైకుల్నే చెప్పాలె."

"బడికి మైకు లేదమ్మా."

"చర్చిల ఉన్నది. నేను తెస్త."

సోమవారం నాడు పాస్టరు దగ్గర మైకు అడిగి తెచ్చింది. హెడ్మాస్టరు వరండాలో నిలబడి, ఈమె జ్ఞాపకశక్తిలో ఏ లోపమూ లేదనీ, పరీక్షలోనే లోపముందనీ చదివాడు. కళ్ళద్దాలు పంచే రోజు కాదు కాబట్టి జనం పెద్దగా రాలేదు. ఉన్నవారిలో సగం మంది తల్లులు పత్తి చేనుకు పోవాలని తొందరపడుతున్నారు. మైకు ఒకటి రెండుసార్లు కీచుమంది. వెనక గోడ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు, ఏమైనా పెద్ద సైంటిస్టు ఊరికే చెప్పడు గదా అని గుసగుసలాడుకోవడం నాకు వినిపించింది. పెద్దమ్మకూ వినిపించే ఉంటుంది. ఆమె చెవులు మంచివి.

హెడ్మాస్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"మీరు చెప్పుకుంట ఉండుండ్రి సారూ. బియ్యం కడగాలె, నేను పోత."

ఆమె వంటగది తలుపు తీసింది. కాసేపటికి పొగ బయటకు వచ్చింది.